పెద్ద జోసియా కోటు

ఎదిగే పిల్లను టేపు పెట్టి కొలవొద్దని మా అత్తమ్మ లక్ష్మీబాయి గట్టి పట్టు. కొలిస్తే దిష్టి తగులుతుందట, ఎదుగుదల అక్కడే ఆగిపోతుందట. కోవెంట్రీలో బట్టలు సరిచేసి బతికేదాన్ని నేను. ఊరందరి నడుములూ భుజాలూ కొలిచాను గానీ, కన్నకూతురి ఒంటికి ఒక్కనాడూ టేపు తగిలించలేదు. దాని పాత చొక్కానే ఆది పెట్టుకుని, రెండంగుళాలు కలిపి కొత్తది కుట్టేదాన్ని. ఆరు నెలలు తిరిగేసరికి ఆ కొత్తది కూడా బిగుతయ్యేది.

నేను చెబుతున్నది 2003 ఎండాకాలం సంగతి. ఇంగ్లండులో ఎండాకాలమేమిటని నవ్వకండి. ఆ ఆగస్టులో రోడ్ల మీద తారు మెత్తబడింది. కోవెంట్రీ అంతా తిరిగినా ఒక్క ఫ్యాను దొరకలేదు. మా సంజనకు అప్పటికి పదహారు నిండాయి. మన పదో తరగతి లాంటి జీసీఎస్‌ఈ పరీక్షలు రాసి ఇంట్లో ఉంది. దాని ఎత్తు ఎంతో నాకు అంకెల్లో తెలియదు. మా ఆయన బాపురావు ఆరడుగుల మనిషి. ఇద్దరూ పక్కపక్కన నిలబడితే ఆయన నెత్తి దాని చెవి దగ్గరికి వచ్చేది. మగవాళ్ల దుకాణంలో పదమూడో నంబరు బూట్లు కొనేవాళ్లం. బట్టలుతికే మెషిన్ చెడిపోతే ఒక్కతే దాన్ని కావలించుకుని పెరట్లో పెట్టి వచ్చింది.

"నా మనుమరాలు పహిల్వాన్," అని అత్తమ్మ మురిసిపోయేది. వెంటనే నాలుక కరుచుకుని ఉప్పూ మిరపకాయలూ తెచ్చి దిష్టి తీసేది. మిరపకాయలు పెనం మీద వేయగానే వంటింటి కప్పుకు బిగించిన పొగ అలారం కుయ్యోమని మొత్తుకునేది. బాపురావు కుర్చీ ఎక్కి దాని నోరు మూయించేవాడు. ఇది మా ఇంట్లో ప్రతి మంగళవారం జరిగే తతంగం.

సంజనకు మాత్రం తన ఒళ్లంటే సిగ్గు. ఫొటోల్లో వెనక వరసలో మోకాళ్లు వంచి నిలబడేది. బస్సులో తల వంచుకునేది. అది మాట్లాడేదంతా ఇంగ్లీషే. మేము తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిచ్చేది. ఆ మాటలను నేను తెలుగులో రాస్తున్నాను.

ఇక్కడ నా తప్పొకటి చెప్పుకోవాలి. దాచి తర్వాత చెప్పే ఓపిక నాకు లేదు.

సంజనకు పదమూడేళ్లప్పుడు, దాని ఈడు పిల్లలకు ఒక్కొక్కరికీ పెద్దమనిషి ఫంక్షన్లు అవుతున్నాయి. కమ్యూనిటీ హాలు తీసుకోవడం, పిల్లకు పట్టులంగా వోణీ కట్టి కుర్చీలో కూర్చోబెట్టడం, నూరు మందికి భోజనాలు. అలాంటి ఒక ఫంక్షన్‌లో సుగుణక్క నన్ను పక్కకు పిలిచింది. మా తెలుగువాళ్లందరికీ పెద్దదిక్కు ఆమె. అంత పెద్ద గొంతు కూడా ఇంకెవరికీ లేదు.

"ఏం నిర్మలా, మీ పిల్ల ఇంకా పెద్దమనిషి కాలేదా? గంత ఎదిగింది, ఇంకా కాలేదంటే డాక్టర్‌కు చూపెట్టరాదు?"

చుట్టూ నలుగురు ఆడవాళ్లు తినడం ఆపి నావైపు చూశారు. నా ముఖం మాడిపోయింది. నా పిల్లలో ఏదో లోపముందని ఊరు ఊరంతా చెప్పుకున్నట్టే అనిపించింది. నోటికి వచ్చిందల్లా అనేశాను.

"అయ్యింది అక్కా. మొన్న సెలవులల్ల. ఇంట్లనే చేసుకున్నం, ఎవ్వరికి చెప్పలే."

అబద్ధం ఒక్కటి ఆడితే ఊరుకుంటుందా? మర్నాడు నువ్వుల ముద్దలు చేసి, ఎండుకొబ్బరి కుడుకలూ బెల్లమూ పెట్టి అందరిళ్లకూ పంచాను. హనుమకొండలో ఉన్న అత్తమ్మకు ఫోన్ చేసి చెప్పాను. ఆమె సంబరపడి మనుమరాలికి బంగారు ఉంగరం పంపింది. మా ఆయనకూ అదే చెప్పాను. ఇలాంటి సంగతులు మగవాళ్లు తరచి అడగరు. నిజం తెలిసింది నాకూ సంజనకూ మాత్రమే.

"ఎందుకలా చెప్పావు మమ్?" అంది అది.

"ఇయ్యాల కాకుంటే రేపు అయితది. అప్పుడు ఎవ్వరికి చెప్పేది ఉండదు. నువ్వు మాత్రం ఎవ్వరితోని అనకు."

"ఓకే మమ్," అంది.

ఆ రేపు రాలేదు. ఒక ఏడాది పోయింది, రెండు పోయాయి, మూడు పోయాయి. వచ్చే నెల, వచ్చే నెల అనుకుంటూ ఊరుకున్నాను. ఈలోగా మామయ్య పోయి, అత్తమ్మ మా దగ్గరికే వచ్చేసింది. ఇక ఇంట్లో కూడా అబద్ధాన్ని కాపాడుకోవాల్సి వచ్చింది.

ఆ ఏప్రిల్‌లో సంజనకు తలనొప్పులు ఎక్కువయ్యాయి. మా డాక్టరు క్లినిక్‌కు తీసుకువెళ్తే అత్తమ్మ కూడా వెంట వచ్చింది. డాక్టరు అన్నీ అడుగుతూ, పీరియడ్స్ సరిగ్గా వస్తున్నాయా అని సంజనను అడిగాడు. అది నావైపు చూసింది. అది నోరు తెరవకముందే, "రెగ్యులర్, డాక్టర్," అన్నాను నేను. పీరియడ్స్ అన్న ఇంగ్లీషు మాట తెలిసిన అత్తమ్మ పక్కనే ఉందన్న భయం తప్ప నాకింకేమీ తోచలేదు. పరీక్షల ఒత్తిడి అయ్యుంటుంది, తగ్గకపోతే మళ్లీ రండి అన్నాడాయన. తగ్గలేదు. మేము మళ్లీ వెళ్లలేదు.

జూలై ఆఖరి వారంలో నేను పనిచేసే డ్రైక్లీనర్స్ షాపుకు జోన్ పెటిఫర్ అనే పెద్దావిడ వచ్చింది. కోవెంట్రీ పక్కన మార్‌కోట్ అనే పల్లె ఉంది. ఆ ఊరి బడికి హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరైందట. చేతిలో పెద్ద సూట్‌కేసు. అందులో తెల్లగుడ్డలో చుట్టిన పాత కోటు ఒకటి, టోపీ ఒకటి.

"దీనికి నకలు కుట్టాలి. అసలుదాన్ని ఇంకెవరూ తొడగకూడదు, చిరిగిపోతుంది," అంది.

కోటును బల్ల మీద పరిచేసరికి బల్ల చాలలేదు. ఇన్నేళ్లలో అంత కోటును నేను చూడలేదు.

"ఎవరిదండీ ఇది?"

"మా పెద్ద జోసియాది. జోసియా టర్వే. రాళ్ల గనిలో కూలీ. ఏడడుగుల నాలుగంగుళాల మనిషి."

అప్పుడు సంజన వెనక గదిలో ఉంది. సెలవులు కదా, నాకు సాయానికి వచ్చేది. ఆ మాట విని తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. జోన్ దాన్ని చూసింది, కిందినుంచి పైదాకా చూసింది. మా ఆంటీలు చూసే చూపు కాదది. పండగకు వచ్చిన చుట్టాన్ని చూసినట్టు చూసింది.

జోసియా కథ ఆమె చెబుతుంటే మేమిద్దరం పని మానేసి విన్నాం. పదిహేనేళ్లప్పుడే గనిలో కాలు విరిగిన తండ్రిని మూడు మైళ్లు ఎత్తుకుని ఇంటికి తెచ్చాడట. ఇరవై రెండేళ్లప్పుడు చర్చికి కొత్త గంట వస్తుంటే కొండ ఎక్కేచోట గుర్రబ్బండి ఇరుసు విరిగింది. నలుగురు మనుషులు కదిలించలేని గంటను జోసియా వీపుకు కట్టించుకుని చర్చి మెట్ల దాకా మోశాడు. ఆ సంతోషంలో ఊరివాళ్లు కుట్టించి ఇచ్చిందే ఈ కోటు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం వచ్చి అతను రాళ్లెత్తుతుంటే చూసిపోయేవాళ్లట.

"తర్వాత?" అని అడిగింది సంజన.

"ఇరవై ఏడేళ్లకే పోయాడమ్మా. కుర్చీలో కూర్చుని, నిద్రలోనే. చివర్లో తాగుడు మరిగాడంటారు. సొంత ఇంటి ద్వారబంధానికే గుద్దుకునేవాడట. మా ఊళ్లో తాగి తూలేవాణ్ని చూస్తే ఇప్పటికీ, జోసియా వస్తున్నాడు అంటారు."

ప్రతి ఏటా ఆగస్టు ఆఖరి సోమవారం, బ్యాంక్ హాలిడే అని దేశమంతా సెలవిచ్చే రోజున, ఆ ఊళ్లో జోసియా పండగ. అతని కథను ఆడతారు. ఒకడి భుజాల మీద ఇంకొకడు ఎక్కి, పైనుంచి కోటు తొడుక్కుంటారు. పోయినేడు ఊరి మాంసం కొట్టువాళ్లిద్దరు అలాగే చేసి చర్చి మెట్ల మీద బొక్కబోర్లా పడ్డారట. ఈ ఏడు అతను పోయి నూట డెబ్బై ఐదేళ్లు. మర్యాదగా చేయాలని జోన్ కోరిక.

"నువ్వు చేస్తావా అమ్మా?" అంది సంజనతో.

సంజన చెంపలు ఎర్రబడ్డాయి. నావైపు తిరిగి, "ఈ పొడుగు ఒక్కసారైనా పనికొస్తోంది మమ్," అంది. మూడేళ్లలో అది నిటారుగా నిలబడగా నేను చూసింది ఆ రోజే. కాదని ఎలా అంటాను?

అత్తమ్మ మొదట ఒప్పుకోలేదు. "ఊరందరి ముందట బలం చూపెడ్తదా? కండ్లన్ని దాని మీదనే పడ్తయి. నిర్మలా, నీకేమన్న బుద్ధి ఉన్నదా?" అని గయ్‌మంది. సంజన వెళ్లి ఆమె పక్కన కింద కూర్చుని, ఆమె ఒళ్లో తల పెట్టింది. కింద కూర్చున్నా దాని తల ఆమె భుజం దాకా వచ్చింది. కాసేపటికి ముసలామె మెత్తబడింది. "పోనీ తీ. ఇంటికొచ్చినంక నేనే దిష్టి తీస్త," అంది. బాపురావు అలారం వైపు చూసి నిట్టూర్చాడు.

కోటును ఇంటికి తెచ్చుకుని ఆగస్టు పదో తారీఖు ఆదివారం తిరగేశాను. ఆ రోజు ఎండ గురించి టీవీలో పొద్దున్నుంచీ ఒకటే మోత. బాపురావు తడి టవల్ నెత్తిన వేసుకుని తిరుగుతున్నాడు. నేను భోజనాల బల్ల మీద దుప్పటి పరిచి, కోటు లోపలి కుట్లు చూస్తూ కూర్చున్నాను. నకలు కుట్టాలంటే పైనుంచి చూస్తే చాలదు, లోపల ఎలా కట్టారో చూడాలి.

పక్క కుట్టు దగ్గర గుడ్డలో చిన్న చిన్న రంధ్రాల వరస కనిపించింది. దాని పక్కన ఇంకో వరస. ఆ పక్కన మరొకటి. ఈ పనిలో ఉన్నవాళ్లకు అదేమిటో చెప్పక్కర్లేదు. కుట్టు విప్పి వెడల్పు చేసి మళ్లీ కుట్టారు, అదీ మూడుసార్లు. సరే, మనిషి లావయ్యాడేమో అనుకున్నాను. చేతులు చూశాను. మణికట్టు దగ్గర వేరే గుడ్డ పట్టీ ఒకటి అతికించి ఉంది. దాని కింద ఇంకొంచెం వేరే రంగు పట్టీ. ఇంకొకటి. లావైతే చేతులు పొడుగవుతాయా? ఈ కోటు కుట్టించేనాటికి అతనికి ఇరవై రెండేళ్లు. ఆ వయసు దాటాక ఏ మనిషికి చేతులు పొడుగవుతాయి?

టోపీ తీశాను. లోపలి తోలుపట్టీని వెనకవైపు కోసి, మధ్యలో వేలెడు ముక్క వేసి కుట్టారు. ఆ ముక్క పక్కనే మరో ముక్క.

తల పెరుగుతోంది. చేతులు పెరుగుతున్నాయి. చచ్చిపోయేదాకా ఆ మనిషి పెరుగుతూనే ఉన్నాడు. పాపం, ఆ ఊరి దర్జీ ఎవరో విప్పి కుడుతూనే ఉన్నాడు.

సంజన స్కూలు ప్యాంటు నేను ఆ ఏడు మూడుసార్లు విప్పాను. అత్తమ్మ పంపిన ఉంగరాన్ని రెండుసార్లు కంసాలి దగ్గరికి తీసుకువెళ్లి సాగదీయించాను. సైకిల్ హెల్మెట్ బిగుసుకుపోతోందని మొన్ననే కొత్తది కొన్నాం. ఎదిగే పిల్ల, అంతే కదా అనుకున్నాను. ఎదిగే పిల్ల, ఎదిగే పిల్ల అని నేనే అందరికీ చెప్పాను.

"ఏందే అట్ల చూస్తున్నవు?" అన్నాడు బాపురావు టవల్ కిందనుంచి.

"ఏం లేదు. పాత కుట్టు."

చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, చెబితే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. వెళ్తే ఆయన అడిగే మొదటి ప్రశ్న ఏమిటో నాకు తెలుసు. ఆ మూడేళ్ల అబద్ధం అత్తమ్మ ముందూ, మా ఆయన ముందూ, సుగుణక్క ముందూ విప్పి పరచాలి. నా పరువు కోసం నేను రెండు వారాలు నోరు మూసుకున్నాను. ఈ మాట రాయడానికి ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంది. ఆ రెండు వారాలూ కోటు కుట్టాను. లోపల మూడంగుళాలు అదనంగా గుడ్డ వదిలి కుట్టాను.

ఇరవై మూడో తారీఖు శనివారం మార్‌కోట్‌లో రిహార్సల్. మేమందరం వెళ్లాం. అత్తమ్మ పట్టుచీర కట్టుకుంది. చర్చి ముందు పచ్చికలో జనం గుంపుగా ఉన్నారు. సంజన నేను కుట్టిన కోటు తొడుక్కుని, టోపీ పెట్టుకుని, చెక్కతో రేకుతో చేసిన గంటను వీపున మోస్తూ కొండ దారిన వచ్చింది. గంట తేలికేం కాదు, ఇద్దరు మనుషులు పట్టుకుని దాని వీపుకెత్తారు. అడుగులో అడుగు వేసుకుంటూ, వంగకుండా, తల ఎత్తి నడిచింది. జనం చప్పట్లు కొట్టారు. బాపురావు కళ్లు తుడుచుకున్నాడు. నాకూ గర్వంగానే ఉంది. లేదని అబద్ధం చెప్పను, ఆడిన అబద్ధాలు చాలు.

తర్వాత సారాకొట్టు ఘట్టం. పచ్చికలో రెండు గుంజలు పాతి, పైన అడ్డకర్ర వేసి ద్వారంలా చేశారు. జోసియా తాగి బయటికి వస్తూ ద్వారానికి గుద్దుకోవాలి. అందరూ నవ్వాలి. ముందు లోపలికి వెళ్లి నిలబడమ్మా, తర్వాత చెబుతాను అంది జోన్. ఇంకా ఆట మొదలుపెట్టలేదు. సంజన ఊరికే లోపలికి నడుస్తోంది.

ఎడమవైపు గుంజకు నుదురూ భుజమూ తగిలేలా నేరుగా వెళ్లి గుద్దుకుంది.

జనం గొల్లుమన్నారు. "భలే! అచ్చం జోసియానే!" అని ఎవరో అరిచారు. జోన్ చప్పట్లు కొట్టింది. అత్తమ్మ కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. సంజన కూడా నవ్వింది. నవ్వుతూనే ఎడమ చెయ్యి చాచి, గుంజ ఎక్కడుందో తడుముకుంది.

నేను నవ్వలేదు. మెల్లగా వెళ్లి దాని ఎడమ పక్కన, భుజానికి మూరెడు దూరంలో నిలబడ్డాను. నీళ్ల సీసా చాచి పట్టుకున్నాను. అది ఎదురుగా జోన్ వైపు చూస్తోంది. సీసా దాని చెంప పక్కనే ఉంది. అది చూడలేదు. పదిదాకా లెక్కపెట్టాను, చూడలేదు.

"సంజనా," అన్నాను.

ఉలిక్కిపడి తల మొత్తం తిప్పింది. "ఎప్పుడొచ్చావు మమ్?"

సీసా ఇచ్చాను. జోన్ దగ్గరికి వెళ్లి, సోమవారం అమ్మాయి రాదండీ, నన్ను క్షమించండి అన్నాను. కారులో కూర్చున్నాక బాపురావుతో చెప్పాను.

"ఇంటికి గాదు, హాస్పిటల్‌కు పోనియ్యి."

"ఏమైందే?"

"దానికి కండ్లు సరిగ కనిపిస్తలేవు. తలనొప్పి ఇంక తగ్గలే."

వెనక సీట్లో సంజన అంతెత్తున లేచింది. రెండు రోజులు ఆగలేవా మమ్, నా జీవితంలో ఒక్కటంటే ఒక్కటి బాగుంది, అది కూడా పాడు చేస్తావా అని ఏడ్చింది. దాని మోకాళ్లు నా సీటుకు తగులుతున్నాయి. నేను వెనక్కి తిరగలేదు. తిరిగితే ఆగిపోతానని నా భయం.

ఎమర్జెన్సీలో మూడు గంటలు కూర్చున్నాక ఒక చిన్నవయసు డాక్టరమ్మ వచ్చింది. అత్తమ్మ, ఆయన, నేను, ముగ్గురం తెర లోపలే ఉన్నాం. డాక్టరమ్మ సంజనకు ఎదురుగా కూర్చుని, నా ముక్కు మీదే చూపు నిలుపు అంది. తన రెండు చేతులూ పక్కలకు చాచి వేళ్లు ఆడించింది.

"కదిలినప్పుడు చెప్పు."

సంజన చెప్పలేదు. వేళ్లు ఆడుతూనే ఉన్నాయి. బాపురావుకూ కనిపిస్తున్నాయి, అత్తమ్మకూ కనిపిస్తున్నాయి. చేతులు ముఖానికి బాగా దగ్గరగా వచ్చాక, "ఇప్పుడు," అంది సంజన. బాపురావు కుర్చీ పట్టుకుని కూర్చున్నాడు.

డాక్టరమ్మ ముఖంలో ఏ మార్పూ లేదు. దాని చేతులు తిప్పి చూసింది, దవడ చూసింది, పాదాలు చూసింది. కాగితం మీద ఏదో రాసుకుంటూ, పీరియడ్స్ ఎప్పుడు మొదలయ్యాయి అని అడిగింది.

సంజన నావైపు చూసింది. ఏప్రిల్‌లో చూసిన చూపే.

డాక్టరమ్మ అడిగింది ఇంగ్లీషులో. నేను జవాబు తెలుగులో చెప్పాను. ముందు తెలియాల్సింది అత్తమ్మకు.

"కాలే అత్తమ్మా. సంజన ఇంతవరకు పెద్దమనిషి కాలే. నేను అబద్ధం చెప్పిన. నువ్వుల ముద్దలు పంచింది అబద్ధం. నీకు ఫోన్ల చెప్పింది అబద్ధం. మొన్న డాక్టర్‌కు చెప్పింది కూడ అబద్ధమే."

తర్వాత అదే సంగతి డాక్టరమ్మకు ఇంగ్లీషులో చెప్పాను. ఆమె రాసుకుంది.

అత్తమ్మ కుర్చీని మంచం దగ్గరికి జరుపుకుంది. "నలుగురి నోర్లు మూసెటందుకు పిల్ల కండ్లు పోగొడ్తవా నిర్మలా?" అంది. అరవలేదు. అరిచినా బాగుండేది. మళ్లీ తనే, "నేను సుత గంతే. దిష్టి దిష్టి అనుకుంట పొగపెట్టిన. డాక్టర్ దగ్గరికి పోదామని ఒక్కనాడన్న అన్ననా?" అని మనుమరాలి కాళ్లను ఒళ్లోకి తీసుకుని నిమరసాగింది. బాపురావు గోడవైపు చూస్తున్నాడు. ఆయన నాతో మాట్లాడడానికి తొమ్మిది రోజులు పట్టింది.

డాక్టరమ్మ సంజన మంచం మీదికి వంగింది. "తలనొప్పి ఎప్పటినుంచి అమ్మా?"

"మూడేళ్లు."

"పక్కలకు కనిపించకపోవడం?"

"క్రిస్మస్ నుంచి అనుకుంటా."

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

సంజన దుప్పటి అంచును వేళ్లకు చుట్టుకుంది. నావైపు చూడకుండా నెమ్మదిగా అంది.

"చెబితే మీరు అన్నీ అడుగుతారు. అప్పుడు మా అమ్మ అబద్ధం ఆడిందని అందరికీ తెలిసిపోతుంది కదా."

నేను తెర బయటికి వచ్చి గోడ పట్టుకుని నిలబడ్డాను. నా పరువును మోసింది ఆ పిల్ల. మూడేళ్లు మోసింది, తలనొప్పితో, కళ్లు మసకబారుతున్నా, ఒక్క మాట బయటికి రానివ్వకుండా మోసింది. నేను తల్లినని చెప్పుకుంటూ దాని వీపు మీదే కూర్చున్నాను.

స్కాన్‌లో తెలిసింది. మెదడు కింద శనగగింజంత గ్రంథి ఒకటుంటుందట. ఒంటిని ఎంతవరకు పెంచాలో చెప్పేది అదే. దాని మీద గడ్డ పెరిగి ఒంటిని ఆగకుండా పెంచుతోంది, కంటి నరాలను నొక్కుతోంది. అది ఒంట్లో ఉంటే పెద్దమనిషి కావడం కూడా ఆగిపోవచ్చునట. అప్పటికప్పుడు ప్రాణం తీసే జబ్బు కాదు గానీ, వదిలేస్తే గుండెను పాడుచేసి మనిషిని చిన్నవయసులోనే తీసుకుపోతుందన్నారు.

సోమవారం పండగ మేము లేకుండానే జరిగింది. మాంసం కొట్టువాళ్లే మళ్లీ ఒకరి మీద ఒకరు ఎక్కారట. బుధవారం జోన్ పూలు పట్టుకుని ఆసుపత్రికి వచ్చింది. అసలు కోటును ఆమెకు తిరిగిచ్చేస్తూ లోపల చూపించాను, కుట్ల వరసలూ చేతుల పట్టీలూ టోపీ ముక్కలూ అన్నీ. సంజనకు ఏముందో చెప్పాను. జోసియాకు అదేనని నేను డాక్టరును కాను గనక చెప్పలేను, కానీ దర్జీగా ఇది చెప్పగలను అన్నాను. ఆమె కోటును ఒళ్లో పెట్టుకుని ఆ పట్టీలను వేలితో తడిమింది.

"తాగి కాదన్నమాట," అంది. "కళ్లు కనపడక. అంత బలమున్న మనిషి గుమ్మం కనపడక తడుముకుంటుంటే, మేము నూట డెబ్బై ఐదేళ్లుగా నవ్వుతున్నాం."

ఆ తర్వాతి ఏడు నుంచి ఆ ఊరివాళ్లు సారాకొట్టు ఘట్టం ఆడడం లేదని విన్నాను.

సుగుణక్క వచ్చినప్పుడు ఆమెకూ చెప్పాను, ముగ్గురు ఆడవాళ్ల ముందే చెప్పాను. "నువ్వు ఆ రోజే డాక్టర్‌కు చూపెట్టమన్నవు అక్కా. నేను ఎత్తిపొడుపు అనుకున్న." ఆమె నా చెయ్యి పట్టుకుని కూర్చుంది.

సెప్టెంబరులో ముక్కు లోపలినుంచి ఆపరేషన్ చేసి గడ్డ తీశారు. తలనొప్పి పోయింది. పెరగడం ఆగింది. కుడివైపు చూపు నెల తిరిగేసరికి వచ్చేసింది. ఎడమవైపుది రాలేదు. నరం చాలాకాలం నలిగిపోయిందనీ, కొన్ని నెలలు ముందు వచ్చి ఉంటే వేరుగా ఉండేదేమోననీ డాక్టరు మామూలుగానే అన్నాడు. ఆయనకు ఏప్రిల్ సంగతి తెలియదు. నాకు తెలుసు.

అక్టోబరులో మొదటిసారి దాన్ని బయటికి నడిపించాను. ఆ రోజు అడిగాను, "నా మీద కోపం ఉన్నదా బిడ్డా?"

అది ఆలోచించింది. ఊరికే ఏదో ఒకటి అనే పిల్ల కాదు. "అప్పుడప్పుడు," అంది.

ఉండనీ. ఉండాలి కూడా. రోడ్డు దాటేచోట ఎడమనుంచి ఒక సైకిల్ వేగంగా వచ్చింది, దానికి తెలియలేదు. నేను మధ్యలోకి జరిగి దాని మోచెయ్యి పట్టుకున్నాను. అప్పటినుంచి దానితో ఎక్కడికి వెళ్లినా నేను ఎడమ పక్కనే నడుస్తున్నాను.